యంత్రం చదివే కాగితం – మూడవ పాఠం: గడి

గత పాఠంలో పుట నాలుగు మూలలా నల్లని చతురస్రాలు ఎందుకు ఉంచాలో చూశాం. కాగితం స్కానర్‌లోకి ఒక్క డిగ్రీ వాలుగా వెళ్ళినా, ఎ4 పుట పొడవు 297 మి.మీ. గనుక, ఈ కొసకూ ఆ కొసకూ మధ్య దాదాపు 5 మి.మీ. తేడా వస్తుంది, అంటే ఒక గడి వెడల్పంత. మూల గుర్తుల సాయంతో యంత్రం ఆ వాలును సరిచేసుకుంటుంది. అలా నిలిచిన పుట మీద ఇప్పుడు గడులు గీయాలి. మొదటి పాఠం నుంచి మనం తయారుచేస్తున్న వైద్య శిబిరం నమోదు పత్రమే ఇక్కడా ఉదాహరణ.

గడి గీసే ముందు ఒక సంగతి మనసులో స్థిరపరచుకోవాలి. గడి గీత రాసే మనిషి కోసమే తప్ప చదివే యంత్రం కోసం కాదు. అక్షరాలను విడివిడిగా, ఒకే పరిమాణంలో రాయమని ఆ గీత చేతికి చెబుతుంది. ఆ పని అయిపోయాక అది యంత్రం కంటికి అడ్డమే. రాసినవారు 7 అంకె తలగీతను గడి పై అంచు మీదుగానే లాగారనుకోండి. యంత్రం గడి గీతను చెరిపివేసేటప్పుడు తలగీత కూడా పోయి 7 కాస్తా 1 అవుతుంది. గీతను చెరపకపోతే, పక్క అంచునే 1 అని చదివే ప్రమాదం ఉంటుంది. అందువల్ల మనిషికి కనిపించి యంత్రానికి కనిపించని గీత కావాలి.

అది రంగుతో సాధ్యమవుతుంది. స్కానర్ ఎర్రని కాంతితో చదివితే లేత ఎరుపు గీత తెల్లకాగితంలో కలిసిపోతుంది. నీలి, నల్ల సిరాలు మాత్రం ముదురుగా నిలుస్తాయి. రంగుల స్కానర్ అయితే బొమ్మలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కొలతల్లో ఎరుపు కాంతి కొలతను మాత్రమే వేరుచేసి తీసుకున్నా ఇదే ఫలితం వస్తుంది. అయితే ముద్రణలో ఆ ఎరుపులో నలుపు ఏ కొంచెమూ కలవకూడదు. చాలామంది ఖర్చు తగ్గుతుందని లేత బూడిదరంగు గీతలు వేయిస్తారు. లేజర్ ప్రింటర్ ఆ బూడిదరంగును చిన్న చిన్న నల్ల చుక్కలతోనే తయారుచేస్తుంది కాబట్టి, స్కాన్ చేసినప్పుడు పుటంతా ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. ఇంకొక జాగ్రత్త: ఎర్ర పెన్నుతో రాసిన జవాబు కూడా గీతతో పాటే మాయమవుతుంది. "నీలి లేదా నల్ల బాల్ పెన్నుతో మాత్రమే రాయండి" అన్న వాక్యాన్ని పత్రం అడుగున కాకుండా, మొదటి గడికి పైన ముద్రించాలి.

కొన్నేళ్ల కిందట ఒక శిబిరానికి నేను సిద్ధం చేసిన పత్రాలు మధ్యాహ్నానికే అయిపోయాయి. అక్కడివారు ఆలస్యం చేయకుండా దగ్గరలోని దుకాణంలో నలుపు తెలుపు జిరాక్స్ తీయించి పని కొనసాగించారు. వారి తప్పేమీ లేదు. వరుసలో రోగులు నిలబడి ఉన్నారు. కానీ జిరాక్స్‌లో నా లేత ఎరుపు గీతలన్నీ నల్లగా మారాయి. పరిమాణంలో వచ్చిన చిన్న తేడాను మూల గుర్తులు సరిచేశాయి గాని, రంగును ఎవరూ వెనక్కి తేలేరు. ఆ పత్రాలన్నిటినీ చూసి చేత్తో ఎక్కించవలసి వచ్చింది. అప్పటి నుంచి అంచనా కంటే ఎక్కువ ప్రతులు ముద్రించడంతో పాటు, "జిరాక్స్ తీయవద్దు" అని పుట పైభాగాన పెద్ద అక్షరాలతో వేయిస్తున్నాను.

ఇక కొలతలు. అంకెల గడి 5 మి.మీ. వెడల్పు, 7 మి.మీ. ఎత్తు ఉంటే వయసు పైబడినవారికీ ఇబ్బంది ఉండదు. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే ఆ వెడల్పులో సుమారు 59 చుక్కలు పడతాయి. అంకె ఆకారం తెలియడానికి అది చాలు. గడికీ గడికీ మధ్య ఒక మి.మీ. ఖాళీ వదలండి. తేదీకి రోజు, నెల, సంవత్సరం గడుల గుంపులను విడదీసి, వాటి పైన "రోజు", "నెల", "సంవత్సరం" అని చిన్నగా రాస్తే చాలు, గీటులు ముద్రించనక్కర్లేదు.

యంత్రం అన్నిటికంటే నమ్మకంగా చదివేది అంకెలను. 2001 జనగణనలో మన దేశం మొదటిసారి చేతిరాతను యంత్రం చేత చదివించినప్పుడు, చాలా ప్రశ్నలకు జవాబులను సంకేత అంకెలుగా గడుల్లో వేయించింది. పత్రం ఏ భాషలో ఉన్నా అంకెలు ఒక్కటే కావడం అందులోని సౌలభ్యం. అంకెలకు ఇంకొక మేలు ఉంది, వాటిని పరీక్షించవచ్చు. మొబైల్ నంబరు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు ఉండాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల పిన్‌కోడ్ 5తో మొదలవుతుంది. ఆధార్ సంఖ్యలో చివరి అంకె మిగతా పదకొండింటి నుంచి వెర్హాఫ్ పద్ధతిలో లెక్కించినది కాబట్టి, ఒక్క అంకె తప్పు చదివినా, పక్కపక్క అంకెలు తారుమారైనా వెంటనే తెలిసిపోతుంది. అలాగని అవసరం లేని చోట ఆధార్ అడగవద్దు. మన శిబిరానికి అది అక్కర్లేదు.

అసలు చిక్కు తెలుగు పేర్ల దగ్గర వస్తుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో గడి అన్న పద్ధతి ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు కుదిరినట్టు మన లిపికి కుదరదు. "వెంకటేశ్వర్లు" అని రాసేటప్పుడు కొందరు సున్నను "వె" గడిలోనే పెడతారు, కొందరు తరువాతి గడిలో పెడతారు. ఆ రెండవ పద్ధతిలో యంత్రం దానిని అంకె సున్నగా పొరబడవచ్చు. "లక్ష్మి"లో మ వత్తు గడి అడుగు గీతను దాటి కిందికి దిగుతుంది. "స్త్రీ" అన్న ఒకే అక్షరంలో సకారం, త వత్తు, క్రారవడి, గుడిదీర్ఘం అన్నీ ఒక చిన్న గడిలో ఇమడాలి. యంత్రం కోసం రాసేవారి చేతిని ఇంతగా ఇరికించడం నాకు సమ్మతం కాదు. పేరుకు గడులు మానేసి, 12 మి.మీ. ఎత్తున్న ఒక పొడవైన తెల్లని పట్టీ ఇవ్వండి. స్కాన్ చేసిన బొమ్మలోంచి పేరు ముక్కను యంత్రం కత్తిరించే హద్దును ఆ పట్టీ కంటే పైనా కిందా 2 మి.మీ. అదనంగా పెడితే, గుడులూ వత్తులూ తెగిపోవు. ఆ ముక్క బొమ్మ తెర మీద కనిపిస్తుండగా మనిషే పేరును టైపు చేస్తాడు. వయసు, ఊరి సంకేతం, ఫోను నంబరు యంత్రానికి వదిలేస్తాం గనుక శ్రమ బాగా తగ్గుతుంది.

ఎంపిక ప్రశ్నలకు, ఉదాహరణకు "మధుమేహం ఉందా?" అన్నదానికి, దిద్దే వృత్తాలు వాడతాం. వాటి సంగతి నాలుగవ పాఠంలో. ఈలోగా చేయవలసిన అభ్యాసం: ఈ కొలతలతో పేరు పట్టీ, వయసు, మొబైల్ నంబరు గల అర పుటను లేత ఎరుపులో ముద్రించండి. మీ ఇంట్లో పెద్దవారొకరి చేత, బడికి వెళ్ళే పిల్లలొకరి చేత, మీరేమీ చెప్పకుండా నింపించండి. ఎక్కడ పెన్ను ఆగిందో, ఏ అంకె గడి దాటిందో పక్కన రాసి ఉంచుకోండి. ఆ కాగితాలతోనే వచ్చే పాఠం మొదలుపెడదాం.