కనుమకి సియ్యల (మాంసం) కూర, పక్కన అమరోనె

మన చిత్తూరు కారం పక్కన ఇటలీ రెడ్ వైన్ పనికొస్తుందా అని పండక్కి వచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకరు అడుగుతారు. పెళ్ళికి ముందు బెంగళూరులో ఒక హోటల్లో వైన్ వడ్డించే ఉద్యోగం చేశాను కాబట్టి ఆ ప్రశ్న నా దగ్గరికే వస్తుంది. పనికొస్తుంది. కానీ కూర మామూలుగా వండినట్టే వండితే మాత్రం రెండూ పాడవుతాయి.

మా ఆడబిడ్డ వాళ్ళు జర్మనీ నుంచి వచ్చేటప్పుడు డ్యూటీ ఫ్రీలో తెచ్చేది ఎక్కువగా అమరోనె. (మనిషికి 2 లీటర్ల వరకే సుంకం ఉండదు, అంటే మామూలు 750 మి.లీ. సీసాలు రెండు.) ఇటలీలో వెరోనా ఊరి పక్కన వాల్పొలిచెల్ల అనే కొండ ప్రాంతం ఉంది, ఈ వైన్ అక్కడిది. ముఖ్యంగా కోర్వీనా, కోర్వినోనె, రొందినెల్ల అనే ద్రాక్షలు వాడతారు. సెప్టెంబర్, అక్టోబర్లలో కోసిన గుత్తుల్ని వెంటనే పిండకుండా, గాలి ఆడే అటకల మీద మూడు నాలుగు నెలలు ఆరబెడతారు. బరువులో మూడో వంతు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే తగ్గిపోతుంది. నీరు పోయి చక్కెర చిక్కబడుతుంది. ఆ చక్కెరంతా పులిసి ఆల్కహాల్ అవుతుంది కాబట్టి సీసా మీద 15, 16 శాతం కనిపిస్తుంది. చట్టం ప్రకారం 14కి తగ్గకూడదు. ఆ తర్వాత కనీసం రెండేళ్ళు నిలవ ఉంచాలి. ధర ఎందుకంత అని మా ఆయన గొణుగుతుంటాడు. అన్ని ద్రాక్షలకి అంత తక్కువ రసం వస్తే ధర పెరగక ఏమవుతుంది?

కొనేటప్పుడు లేబుల్ మీద అమరోనె దెల్ల వాల్పొలిచెల్ల అనీ, దాని కింద డి.ఓ.సి.జి. (ఇటలీ వైన్‌లకి ఇచ్చే అన్నిటికంటే పై హోదా) అనీ ఉందా చూడండి. 2010 నుంచి దీనికి ఆ హోదా ఉంది. సీసా మెడ మీద నంబరుతో సన్నటి కాగితం పట్టీ కూడా ఉంటుంది. ఖరీదు భారం అనిపిస్తే రిపాస్సో తీసుకోండి. అమరోనె తీసేశాక మిగిలిన తొక్కల మీద మామూలు వాల్పొలిచెల్ల వైన్‌ని మళ్ళీ పులియబెట్టి చేస్తారు. రుచి ఆ దారిలోనే ఉంటుంది, బరువు తక్కువ. నిజానికి మన తిండికి అదే సులువు.

ఇక తాగే పద్ధతి. జనవరి రాత్రి అయినా మన ఇళ్ళలో గది వేడి దీనికి ఎక్కువే. 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. అరగంట ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుంది, ఎండాకాలంలో గంట. వెచ్చగా తాగితే ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకి కొడుతుంది. తినడానికి గంట ముందే మూత తీసి గాజు జగ్గులోకి వంపేయండి. పెద్ద బొజ్జ ఉన్న గాజు గ్లాసులో మూడో వంతుకి మించి పోయకండి. స్టీలు గ్లాసు వద్దు, నోరు వెడల్పు కాబట్టి వాసన నిలవదు.

ముందు వాసన చూడండి. ఎండుద్రాక్ష, అంజీరు, మగ్గిన నల్ల చెర్రీ, దాల్చినచెక్క, కాస్త కోకో. వాసన చూసి తియ్యగా ఉంటుందని అనుకుంటారు, తాగితే తీపి దాదాపు ఉండదు. నాలుక మీద చిక్కగా పాకుతుంది, చివర సన్నటి చేదు, చిగుళ్ళ దగ్గర వగరు. ఆ చేదుని తప్పు అనుకోవద్దు, దీని గుణమే అది. ఇదే ద్రాక్షలతో చేసే రెచోతో అనే తియ్యటి వైన్ 1936లో ఒక పీపాలో మరిచిపోతే, చక్కెరంతా పులిసిపోయి ఇది పుట్టిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

ఇప్పుడు కూర సంగతి. ఎండుమిరపలో ఉండే క్యాప్సైసిన్ నోట్లో ఏ నరాన్ని మండిస్తుందో, ఆల్కహాల్ కూడా ఆ నరాన్నే రెచ్చగొడుతుంది. మా అత్త మామూలుగా చేసే ఎర్రటి పులుసు తిని 16 శాతం వైన్ తాగితే నోరు భగ్గుమంటుంది, పండ్ల రుచి అంతా మాయం. అందుకని కనుమ నాడు ఒక గిన్నె విడిగా వండుతాం. కిలో పొట్టేలు మాంసం, నల్లి బొక్కలు తప్పనిసరి. ఎండుకారం అర చెంచా, రంగు కోసమే. ఘాటంతా కచ్చాపచ్చాగా దంచిన మిరియాలతో, రెండు చెంచాలు. చిన్న ఉల్లిపాయలు, దాల్చినచెక్క, లవంగం, సోంపు, చివర్లో కొబ్బరి గసాల ముద్ద. చింతపండు వద్దు, టమాటా ఒక్కటి చాలు. పులుపు ఎక్కువైతే వైన్ చప్పబడుతుంది. కుక్కర్ పక్కన పెట్టి, సన్న సెగ మీద ముక్క బొక్క నుంచి ఊడి వచ్చేదాకా ఉడకనివ్వాలి. మాంసంలోని కొవ్వు, ప్రోటీన్ వైన్‌లోని వగరుని పట్టేసుకుంటాయి, ఉప్పు చేదుని తగ్గిస్తుంది. మూలుగ పీల్చి ఒక గుక్క తాగి చూడండి, నేను చెప్పేది తెలుస్తుంది. వెరోనాలో కూడా దీన్ని గంటల తరబడి ఉడికిన మాంసం కూరలతోనే తాగుతారు. వాళ్ళ పాత వంటకాల్లో గుర్రం మాంసం కూర ఉందని చెప్తే మా అత్త ఆ రోజంతా నన్ను అనుమానంగా చూసింది.

తోడుగా రాగి సంగటి. దాని చప్పిదనం ఇక్కడ కలిసొస్తుంది. మిరియాలు చల్లిన మేక కారిజం (కాలేయం) వేపుడు ఇంకా బాగుంటుంది, ఆ చేదూ ఈ చేదూ కలిసిపోతాయి. శాకాహారులకి ఆ కాలంలోనే దొరికే అనపగింజల పితికిన పప్పు, కారం తగ్గించి. పచ్చిమిరపకాయల ఊరిబిండి పచ్చడిని మాత్రం వైన్ అయిపోయేదాకా దూరంగా ఉంచండి.

చేపలు వద్దు. రెడ్ వైన్‌లోని ఇనుము వల్ల నీచు వాసన పైకి వస్తుంది. ఊరగాయ, పచ్చిపులుసు, పెరుగన్నం, ఏవీ కుదరవు. స్వీట్లతో అయితే వైన్ పుల్లగా, మొరటుగా అనిపిస్తుంది. చివర్లో ఏదో ఒకటి కావాలంటే 70 శాతం డార్క్ చాక్లెట్, లేదా గట్టి పార్మెజాన్ చీజ్ ముక్క. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకి చెప్తే తెస్తారు. తిరుపతి లడ్డూ ప్రసాదం ఇంట్లో ఉన్న రోజు మేము అసలు సీసానే తీయం. అన్నట్టు కారులో సీసా పెట్టుకుని అలిపిరి దాకా వెళ్ళకండి. కొండ మీదికి మద్యం, మాంసం రెండూ నిషేధం.

మనిషికి 100 మి.లీ. చాలు, పక్కన నీళ్ళ చెంబు పెట్టుకోండి. మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు ఉంటుంది. అప్పటికీ అడుగున అర గ్లాసు మిగిలితే, వెరోనా వాళ్ళు బియ్యంలో పోసి రిసోత్తో వండుకుంటారు. నేను మరుసటి మాంసం కూరలో ఉల్లిపాయలు వేగాక పోసేస్తాను, అత్తకి చెప్పే.