ప్రాంగణంలో వాటర్ కూలర్ షాక్ కొడితే ఏం చేయాలి?

గుంటూరు ఎండల్లో విశ్వవిద్యాలయ ఉద్యోగులకు, విద్యార్థులకు ప్రాణం నిలిపే వాటర్ కూలరే, తొలకరికి నేల తడిసిన నాడు ప్రాణం తీయగలదు. రేకును తాకిన వేళ్లు సన్నగా జిల్లుమంటే, ఎర్తింగ్ తీగ ఊడిందనో, లోపలి తీగ తొడుగు చిట్లిందనో అనుమానించి, మళ్లీ తాకకుండా బోర్డు వద్దే సరఫరా ఆపి, "వాడరాదు" అన్న కాగితం అంటించాలి. నోటిమాటతో సరిపెట్టవద్దు, మా విభాగంలో అలా చెప్పిన ఫిర్యాదు ఎవరికీ గుర్తులేకుండా పోయింది. భవనం, అంతస్తు, సమయం రాసి, నిర్వహణ విభాగానికి లేఖ ఇచ్చి, నకలుపై సంతకం తీసుకోవాలి.

మరమ్మతు తర్వాత ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే రక్షణ స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. దాని టెస్ట్ బటన్ నొక్కగానే సరఫరా తెగిపోవాలి. తెగకపోతే ఆ పరికరాన్ని మార్చేవరకు కూలర్ వాడకూడదు.