మొక్కజొన్న చొప్ప తగలబెట్టకుండా గత్తం చేసుకోడం, ట్రైకోడెర్మా ఎప్పుడు కలపాలి

చీపురుపల్లి, గరివిడి వైపు కండెలు విరిచేసాక చొప్పకి నిప్పు పెట్టేస్తున్నారు, చూస్తుంటే నిజంగా బాధేస్తది, అదంతా మన భూమికి రావాల్సిన బలం.

ముందు చొప్పని రెండు మూడు అంగుళాల ముక్కలు చేయించండి. చొప్పలో సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ గొలుసులు, దాన్ని తెంపేది శిలీంధ్రాలు బయటకి వదిలే సెల్యులేజ్ అనే ఎంజైమ్, కానీ చుట్టూ లిగ్నిన్ కాపలా ఉంటది కాబట్టి ముక్క ఎంత చిన్నదైతే ఎంజైమ్‌కి అంత దారి. చెట్టు నీడలో ఒక వరస చొప్ప, పైన పచ్చిపేడ కలిపిన నీళ్ళు, అలా నాలుగైదు అడుగుల ఎత్తు వరకు వేసుకోండి, టన్నుకి అయిదు కిలోల యూరియా కూడా కలిపితే కుళ్ళడం అందుకుంటది.

ఇప్పుడు అసలు విషయం ఏటంటే, చాలామంది ట్రైకోడెర్మాని, అంటే చొప్పని కుళ్ళబెట్టే శిలీంధ్రం పొడిని, మొదటి రోజే చల్లేస్తారు. కుప్ప కొద్ది రోజుల్లోనే 60 డిగ్రీల దాకా కాగుతుంది, ట్రైకోడెర్మా బాగా పెరిగేదేమో 25-30 దగ్గర, ఆ వేడికి చచ్చిపోద్ది. దాని సెల్యులేజ్ మాత్రం 50 డిగ్రీల దగ్గర జోరుగా పనిచేస్తుంది, అయితే అది ప్రోటీన్ కదా, 60 దాటి అలాగే ఉంటే ఉడికిన గుడ్డు తెల్లసొన లాగ ఆకారం పోతుంది, మళ్ళీ చల్లారినా పని చెయ్యదు. అందుకే కుప్పలో ఇనప ఊచ గుచ్చి కాసేపాగి తీసి పట్టుకోండి, చెయ్యి కాలితే ఆగండి, రెండు వారాలకోసారి తిరగెయ్యండి, గోరువెచ్చగా అయ్యాకే టన్నుకి కిలో చొప్పున కలపండి. ట్రైకోడెర్మా ప్యాకెట్‌ని కూడా రేకుల షెడ్డు వేడిలో ఉంచొద్దు.

తడి కూడా ముఖ్యమే, గుప్పెట్లో పిండితే ఒకట్రెండు చుక్కలు రావాలి, ధార కడితే ఎక్కువైనట్టు. పైన తాటాకులు కప్పండి, లేదంటే ఎండకి ఆరిపోద్ది, వానకి సారమంతా కొట్టుకుపోద్ది. సున్నం, పొయ్యి బూడిద అసలు కలపొద్దు, ఈ ఎంజైమ్‌కి పీహెచ్ 5 దగ్గర పులుపు కావాలి. కాపర్ మందు శిలీంధ్రాల్ని చంపేది కాబట్టి, అది కొట్టిన డ్రమ్ము కడక్కుండా వాడినా దెబ్బే.

ముక్క నల్లబడి చేత్తో నలిపితే పొడైపోయి, మట్టి వాసన వస్తే అయినట్టు, మూడు నెలల పైనే పట్టొచ్చు. ఉభాలకి, అంటే వరి నాట్లకి, అందకపోతే తొందరపడి సగం కుళ్ళింది వెయ్యకండి, అది పొలంలో నత్రజని లాగేసి నారు పసుపెక్కుతుంది, రబీకి దాచుకోండి.