గోనెసంచి గంపతో గ్యాస్ ఆదా

జూట్ మిల్లులో షిఫ్టు చేసే ఇంట్లో భూతాపం గురించి చెబితే ఎవరూ వినరు. గ్యాస్ బండ ఇంకొన్నాళ్లు ఎక్కువ వస్తుందంటే వింటారు. కిటుకు ఇదే: పొయ్యి మీద కాసేపు ఉడికించిన గిన్నెను గడ్డి కూరిన గంపలో మూసిపెడితే, మిగతాది ఆ వేడికే ఉడుకుతుంది. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో దీనికి కావలసినవన్నీ దాదాపు ఉచితం: పెద్ద గంప, బాగా ఎండిన వరిగడ్డి, రెండు పాత గోనెసంచులు, ఒక బొంత.

గంపలో గోనె పరిచి, అడుగునా చుట్టూ నాలుగంగుళాల మందాన గడ్డి గట్టిగా కూరండి. గిన్నె సరిగ్గా పట్టేంత గుంత మాత్రమే ఉంచాలి. ఖాళీ ఉంటే వేడి అటే పోతుంది. రెండో సంచిలో గడ్డి నింపి కుడితే పైకప్పు.

అన్నానికి బియ్యం కడిగి, రెట్టింపుకన్నా కాస్త తక్కువ నీళ్లు పోసి, మూతపెట్టి అయిదు నిమిషాలు తెర్లనివ్వండి. దించగానే గంపలో పెట్టి, పైన గడ్డి సంచి వేసి బొంత కప్పేయాలి. ముప్పావుగంటకు అన్నం సిద్ధం. కందిపప్పయితే గంట నానబెట్టి, పావుగంట ఉడికించి, రెండు గంటలు ఉంచాలి. చింతపండు, ఉప్పు తర్వాతే. పులుపు ముందే పడితే పప్పు మెదగదు.

అరకిలోకన్నా తక్కువ బియ్యమైతే త్వరగా చల్లారి పలుకు మిగులుతుంది. మధ్యలో మూత తీసి చూసే అలవాటూ అంతే చేటు. ఆవిరికి గడ్డి చెమ్మగిల్లుతుంది, వారానికోసారి ఎండలో ఆరబెట్టండి. కట్టెలపొయ్యి మీది గిన్నెయితే అడుగున నిప్పురవ్వ లేకుండా తుడిచాకే పెట్టాలి. రాత్రంతా మాత్రం వదలొద్దు, గోరువెచ్చని అన్నం పాడైపోతుంది.