తల్లీబిడ్డల నర్సింగ్ – 6వ పాఠం: మాయ పడ్డాక మొదటి గంట

ముందుగా పోయిన పాఠం చివర అడిగిన ప్రశ్న సంగతి చూద్దాం. బిడ్డ పుట్టగానే, గర్భసంచి బిగుసుకోవడానికి తల్లికి ఇచ్చే మందు ఆక్సిటోసిన్ ఎంత, ఎప్పుడు, ఎలా? 10 యూనిట్లు, బిడ్డ పుట్టిన నిమిషంలోపు, కండకు ఇంజెక్షన్. అదీ లోపల ఇంకో బిడ్డ లేదని పొట్ట తడిమి చూసుకున్నాకే. ఇంతవరకు చాలామంది సరిగ్గానే రాస్తారు. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచాలన్న ముక్క మాత్రం వదిలేస్తుంటారు. వేడికి పాడైన ఆక్సిటోసిన్ చూడటానికి మామూలు నీళ్లలాగే తేటగా ఉంటుంది. ఇచ్చామన్న ధీమా మనకు ఉంటుంది, లోపల పని మాత్రం జరగదు.

ఇక ఈ పాఠంలోకి వద్దాం. బిడ్డ ఏడ్చింది, మాయ (ప్లాసెంటా) పడింది. అందరూ హమ్మయ్య అనుకుంటారు, లేబర్ రూమ్ సగం ఖాళీ అయిపోతుంది. నర్సు కళ్లలో ఒత్తులు వేసుకుని చూడాల్సిన గంట అదే. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం వెళ్తుంటుంది. మాయ ఊడిన చోట ఆ రక్తనాళాల నోళ్లు తెరుచుకునే ఉంటాయి. వాటిని మూసేది గర్భసంచి కండరమే. అది బిగుసుకుంటే నాళాలు నొక్కుకుపోతాయి, వదులైతే రక్తం ధారకడుతుంది. కాన్పు తర్వాత వచ్చే అధిక రక్తస్రావంలో పదింట ఏడు కేసులకు కారణం ఈ వదులుతనమే.

పొట్ట మీద చెయ్యి పెట్టడం

ముందు తల్లికి చెప్పండి: "అమ్మా, పొట్ట మీద చెయ్యి వేసి చూస్తాను, కాస్త నొప్పిగా ఉంటుంది, మోకాళ్లు కొంచెం మడవండి." చెప్పకుండా నొక్కితే ఆవిడ పొట్ట బిగబడుతుంది, మీకేమీ తెలియదు. ఎడమ చేతిని అడ్డంగా, మర్మస్థానం పైనున్న ఎముకకు కాస్త ఎగువన ఆనించండి. ఇది గర్భసంచి కింది భాగానికి ఆసరా. కుడిచేతి వేళ్లు దగ్గరగా చేర్చి, అరచేతిని కాస్త గుంటలా చేసి, బొడ్డు దగ్గర నుంచి మెల్లగా లోపలికి, కిందికి దించండి. గర్భసంచి పైభాగం, అంటే ఫండస్, చేతికి అందాలి. మాయ పడిన వెంటనే అది బొడ్డుకు కాస్త దిగువన ఉంటుంది. కొన్ని గంటల్లో బొడ్డు మట్టానికి వస్తుంది, తర్వాత రోజుకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున దిగుతుంది.

గట్టిగా ఎలా ఉండాలో తెలియాలంటే మీ నుదురు నొక్కి చూసుకోండి. గర్భసంచి అలా తగిలితే మంచిదే, ఇక దాన్ని పదేపదే నలపొద్దు. ఊరికే నలిపితే కండరం అలసిపోయి వదులయ్యే ప్రమాదం ఉంది. వేళ్ల కింద అంచు దొరక్కుండా మెత్తగా జారిపోతుంటే మాత్రం వెంటనే గుండ్రంగా మర్దన మొదలుపెట్టి, ఆ చెయ్యి తీయకుండానే కేకేసి సాయం పిలవండి. ఎడమ చేతి ఆసరా లేకుండా ఎప్పుడూ గట్టిగా నొక్కకండి. అరుదుగానే అయినా, గర్భసంచి తిరగబడి బయటికి వచ్చే ప్రమాదం ఉంది.

గర్భసంచి బొడ్డు కంటే పైకి, కుడి పక్కకి జరిగి ఉంటే మొట్టమొదట మూత్రం గురించి ఆలోచించండి. నిండిన మూత్రాశయం దాన్ని పక్కకు తోసి, బిగుసుకోనివ్వదు. మూత్రం పోయించి, లేదా అవసరమైతే ట్యూబ్ వేసి తీసి, మళ్లీ చెయ్యి పెట్టి చూడండి. చాలాసార్లు గర్భసంచి దానంతటదే దారికొస్తుంది. గర్భసంచి గట్టిగానే ఉన్నా ఎర్రటి రక్తం ఆగకుండా కారుతుంటే ఎక్కడో చిరిగి ఉండొచ్చు, లేదా మాయ ముక్క మిగిలి ఉండొచ్చు. మర్దన చేస్తూ కూర్చోకుండా డాక్టరును పిలవాలి.

రక్తాన్ని కొలవడం

కంటి అంచనాను నమ్మొద్దు. ఎంత అనుభవం ఉన్నా కళ్లు తక్కువే చెప్తాయి. పైన ప్యాడ్ శుభ్రంగా కనిపిస్తుంది, రక్తం నడుం కిందకి జారి అక్కడ మడుగు కట్టి ఉంటుంది. అందుకే చూసిన ప్రతిసారీ తల్లిని పక్కకు తిప్పి, పిరుదుల కింద చెయ్యి పెట్టి చూడండి. తడిసిన ప్యాడ్లను, గుడ్డలను తూచి, పొడిగా ఉన్నప్పటి బరువు తీసేయండి. గ్రాముకు ఒక మిల్లీలీటరు అని లెక్క. 500 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావం కిందే జమ. పావుగంటలో ఒక ప్యాడ్ పూర్తిగా నానిపోతే ఆ లెక్క తేలేదాకా ఆగకండి. గీతలు ఉన్న ప్లాస్టిక్ సంచిని నడుం కింద పరిచి రక్తాన్ని కొలుస్తూ, హద్దు దాటిన వెంటనే చికిత్సలన్నీ ఒక్కసారే మొదలుపెడితే తీవ్ర రక్తస్రావం, దాని పర్యవసానాలు 60 శాతం తగ్గాయని 2023లో వెలువడిన ఈ-మోటివ్ పరిశోధన చూపింది. చికిత్సల్లో ఒకటి, రక్తస్రావాన్ని తగ్గించే మందు ట్రానెక్సామిక్ యాసిడ్; దాన్ని 1 గ్రాము కాన్పయిన 3 గంటల్లోపే నరానికి ఇవ్వాలి.

బీపీ బాగానే ఉందని నిశ్చింతగా ఉండటం చాలా పెద్ద పొరపాటు. పడుచు వయసు తల్లి శరీరం చాలాసేపు తట్టుకుంటుంది, బీపీ పడిపోయేసరికి పోవాల్సిన రక్తం పోయి ఉంటుంది. ముందు పెరిగేది పల్స్. పల్స్‌ను పై బీపీతో భాగించండి. 0.9 దాటితే అనుమానించాలి, 1 దాటితే పరుగెత్తాలి. మొదటి గంటలో ప్రతి 15 నిమిషాలకు గర్భసంచి, రక్తం, పల్స్ చూసి, చూసిన టైమ్‌తో సహా కేస్ షీట్‌లో రాయండి. డ్యూటీ అయిపోయేటప్పుడు నాలుగు గడులూ ఒకేసారి నింపే అలవాటు చాలాచోట్ల ఉంది. అలాంటి షీట్ ఎవరికీ అక్కరకు రాదు.

బిడ్డ ఎక్కడ?

తల్లి గుండెల మీదే. ఒళ్లు తుడిచి, తడి గుడ్డ తీసేసి, బట్టలు లేకుండా బోర్లా పడుకోబెట్టి, టోపీ పెట్టి ఇద్దరికీ కలిపి పొడి దుప్పటి కప్పండి. తల ఒక పక్కకు తిరిగి ఉండాలి, ముక్కు, నోరు మీకు కనిపిస్తుండాలి. అలసిన తల్లి నిద్రలోకి జారుకోవచ్చు కాబట్టి ఇద్దర్నీ ఒంటరిగా వదలొద్దు. చంకలో బిడ్డ టెంపరేచర్ 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఊపిరిని నిమిషం నిండా లెక్కపెట్టండి: 60 దాటినా, మూలుగు వినిపించినా, డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా పిల్లల డాక్టరును పిలవాలి. స్నానం ఒక రోజు ఆగొచ్చు.

గంటలోపు రొమ్ము పట్టించండి. బిడ్డ చప్పరించినప్పుడు తల్లి ఒంట్లోనే ఆక్సిటోసిన్ ఊరి గర్భసంచి బిగుస్తుంది. పాలు పట్టేటప్పుడు పొత్తికడుపు మెలిపెడుతోందని తల్లి అంటే టెన్షన్ పడొద్దని, ఎందుకో కూడా చెప్పండి. అయితే రక్తస్రావం మొదలయ్యాక దీన్నే మందు అనుకోవడానికి లేదు.

అభ్యాసం

ఒక పాత్రలో 500 మిల్లీలీటర్ల నీళ్లకు ఎర్ర రంగు కలిపి, ఒక పాత దుప్పటి మీద కొంత, ప్యాడ్ల మీద కొంత, నేల మీద కొంత పొయ్యండి. ఎంత పోశారో తెలియని స్నేహితురాలిని అంచనా చెప్పమనండి. తర్వాత తూచి చూడండి.

రెండోది రాసి పెట్టుకోండి, జవాబు 7వ పాఠంలో. కాన్పయి 30 నిమిషాలు. పల్స్ 112, బీపీ 110/70. ప్యాడ్ పావుగంటలో నానిపోయింది. గర్భసంచి మెత్తగా, బొడ్డుకు పైన కుడివైపు ఉంది. గదిలో మీరు ఒక్కరే. మొదటి రెండు నిమిషాల్లో ఏ పని తర్వాత ఏ పని చేస్తారు?