హోమ్‌స్టెడ్ హైస్కూల్లో పిల్లల్ని చేర్చబోతున్నారా?

ముందు అడ్రసు సంగతి తేల్చుకోండి. కాలిఫోర్నియా బే ఏరియాలో మా సన్నీవేల్ వైపు స్కూళ్ల పేర్లు కొత్తగా వచ్చినవాళ్లని బాగా తికమక పెడతాయి. ఫ్రీమాంట్ హైస్కూలు ఉన్నది బే అవతలి ఫ్రీమాంట్ ఊళ్లో కాదు, సన్నీవేల్‌లోనే. కూపర్టినో మిడిల్ స్కూలు ఉన్నదీ సన్నీవేల్‌లోనే. హోమ్‌స్టెడ్ హైస్కూలుకేమో కూపర్టినో అడ్రసు ఉంటుంది, పిల్లలు మాత్రం సన్నీవేల్ నుంచి బోలెడుమంది వస్తారు. కాబట్టి లీజింగ్ ఆఫీసులో అమ్మాయి "స్కూళ్లు చాలా మంచివి" అనగానే అడ్వాన్సు కట్టెయ్యకండి. ఈ హైస్కూళ్లని నడిపే ఫ్రీమాంట్ యూనియన్ హైస్కూల్ డిస్ట్రిక్ట్ సైటులో ఇంటి అడ్రసు కొట్టి, ఏ స్కూలు వస్తుందో చూసుకోండి. లీజు, కరెంటు బిల్లు లాంటి కాగితాలు అడుగుతారు. బావమరిది అడ్రసుతో నెట్టుకొద్దాం అనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకోండి, ఇక్కడ ఆరా గట్టిగానే తీస్తారు.

స్కూలు కోసం ఇల్లు మారడం మన తెలుగువాళ్లతో మొదలైందేమీ కాదు. హోమ్‌స్టెడ్ తెరిచింది 1962లో. ఆప్రికాట్, ప్రూన్ తోటలు కొట్టేసి ఇళ్లు కట్టేస్తున్న కాలం అది. తర్వాత యాపిల్ కంపెనీ పెట్టిన స్టీవ్ జాబ్స్ ఏడో తరగతి తర్వాత పాత స్కూలుకి పోనంటే పోనని మొండికేస్తే, అమ్మానాన్నలు కూపర్టినో స్కూళ్ల పరిధిలో ఇల్లు చూసుకుని లాస్ ఆల్టోస్‌కి మారారు. అతను హోమ్‌స్టెడ్‌లో 1972 బ్యాచ్, అతనితో కలిసి యాపిల్ పెట్టిన స్టీవ్ వోజ్నియాక్ 1968 బ్యాచ్. ఇద్దరికీ ఎలక్ట్రానిక్స్ చెప్పింది జాన్ మెకొల్లమ్ మాస్టారు. వోజ్నియాక్‌కి క్లాసులో కొత్తగా నేర్పడానికేమీ మిగల్లేదని, ఆయనే మాట్లాడి సిల్వేనియా కంపెనీకి పంపించి, అక్కడి కంప్యూటర్ మీద ప్రోగ్రాములు రాసుకునే ఏర్పాటు చేశారు. మనవాళ్లు ఈ స్కూలు గొప్ప చెప్పేటప్పుడు జాబ్స్ పేరు చెప్పి ఆగిపోతారు. నేనైతే మెకొల్లమ్ పేరు చెప్తాను. ఆయన చెప్పింది ఎలెక్టివ్ క్లాసని, అంటే పిల్లలు ఇష్టపడి ఎంచుకునే క్లాసని కూడా గుర్తుచేస్తాను.

ఎందుకంటే కోర్సుల ఫారం రాగానే మన ఇళ్లల్లో మొదట వేటుపడేది ఎలెక్టివ్ మీదే.

ఆ ఫారం నింపేముందు ఒక తెల్లకాగితం మీద నాలుగు నిలువు గడులు గీయండి, తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) లాంటి రాష్ట్ర యూనివర్సిటీలు చేర్చుకోవడానికి అడిగే ఏ-టు-జీ కోర్సులు వాటిలో సర్దండి. ఇంగ్లీషు నాలుగేళ్లు, లెక్కలు మూడు, సైన్సు రెండు, చరిత్ర రెండు, ఇంకో భాష రెండు, కళలు ఒకటి, ఎలెక్టివ్ ఒకటి. మొత్తం 15, అన్నిట్లో కనీసం సీ గ్రేడు. లెక్కలు, సైన్సు ఇంకో ఏడాది చదివితే మంచిదంటారు. ఆ 15లో 11 కోర్సులు ఆఖరి ఏడాది మొదలయ్యేలోపు అయిపోవాలి. వీటికి తోడు రెండేళ్ల పీఈ (వ్యాయామం క్లాసు) తప్పదు. ఇవన్నీ రాశాక కూడా కాగితంలో ఖాళీలు మిగులుతాయి. వాటిని ఏపీలతో, అంటే కాలేజీ స్థాయి కోర్సులతో కుక్కెయ్యకండి. ఏపీలకి గ్రేడు సగటులో (జీపీఏ) ఇచ్చే అదనపు పాయింటు యూసీ లెక్కలో గరిష్ఠంగా ఎనిమిది సెమిస్టర్లకే, అంటే ఏడాది పొడుగు కోర్సులు నాలుగు. ఆపైన తీసుకునే ఏపీ పిల్లకి ఇష్టమైతే సరే, జీపీఏ కోసమైతే దండగ. శాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు కూడా యూసీ ఇప్పుడు చూడదు.

మా అమ్మాయి కళల గడిలో పెన్సిల్‌తో సిరామిక్స్ (మట్టి గిన్నెలు చేసే క్లాసు) అని రాసింది. మా ఆయన దాన్ని చెరిపి కంప్యూటర్ సైన్స్ రాశారు. అది దాన్నీ చెరిపి, ఈసారి పెన్నుతో రాసింది. వంకర మూతుల గిన్నెలు రెండు మా కిచెన్‌లో ఇప్పటికీ ఉన్నాయి, ఒకదాంట్లో ఆవాలు పోసుకుంటున్నాను.

సమయం మింగేసేవి రెండున్నాయి, ముందే లెక్కేసుకోండి. ఒకటి రోబోటిక్స్, టీమ్ నంబరు 670. జనవరి మొదట్లో ఆ ఏటి పోటీ ఏమిటో ప్రకటిస్తారు, అక్కణ్నించి పిల్లలు ఇంటికి తిండికే వస్తారు. రెండోది మార్చింగ్ బ్యాండ్. బ్యాండ్ క్యాంపు స్కూలు తెరవకముందే మొదలవుతుంది కాబట్టి, ఇండియా టికెట్లు బుక్ చేసేముందు ఆ తేదీలు కనుక్కోండి. ఆగస్టు చివర్లో వద్దాంలే అంటే కుదరదు.

డి ఆంజా కాలేజీ దగ్గర్లోనే ఉంది. హైస్కూలు పిల్లలు అక్కడ క్లాసు తీసుకుంటే ట్యూషన్ ఉండదు. పుస్తకాలు, చిల్లర ఫీజులు మనవి. స్కూలు అనుమతి, మన సంతకం రెండూ కావాలి. ఆ గ్రేడు పిల్లల వెంట జన్మంతా ఉంటుంది, సరదాకి చేరిపించకండి.

ఇక తెలుగు. 2007లో ఈ బే ఏరియాలోనే మొదలైన తెలుగు బడి, మనబడిలో మీ పిల్లలు చదువుతుంటే, దాన్ని భాష కింద లెక్కలోకి తీసుకుంటారా అని కౌన్సెలర్‌ని తొమ్మిదిలోనే అడగండి. జవాబు మెయిల్లో తీసుకోండి. రెండు భాషలొచ్చినవాళ్లకి డిప్లొమా మీద రాష్ట్రం వేసే బైలిటరసీ ముద్ర గురించీ అప్పుడే అడగండి, తెలుగుకి ఏ పరీక్ష ఒప్పుకుంటారో, ఎప్పుడు రాయాలో కూడా అదే మెయిల్లో.