మసీదు, దర్గా, ట్రస్టుల లెక్కల కోసం కోర్టుకు ఎలా వెళ్లాలి?

హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగు ముస్లిం కుటుంబాలలో చాలామంది, తాము ఇచ్చిన చందా ఏమైందని అడిగితే మతపెద్దను నిలదీసినట్టవుతుందేమోనని వెనకాడుతుంటారు. ఆ సంకోచం అక్కర్లేదు. ముంబైలో చాందాభాయ్ సమాధి దగ్గరి గల్లాలో (మన గల్లాపెట్టెలోని గల్లాయే) భక్తులు వేసిన డబ్బుపై అడ్వకేట్ జనరల్ (ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) దావా వేయగా, షియా ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రాల మతగురువు ఆ సొమ్ముకు ధర్మకర్తేననీ, లెక్క చెప్పవలసినవారేననీ 1921లో బొంబాయి హైకోర్టులో జస్టిస్ మార్టెన్ తీర్పు ఇచ్చారు.

ముందుగా మీరు అడగదలచినదేమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. డబ్బు లెక్క వేరు, మతాధికారం ఎవరిదన్న తగవు వేరు. అదే సముదాయంలో గురుపీఠం ఎవరికి చెందాలన్న దావా 2014లో దాఖలై, 2016లో వాది మరణించాక ఆయన కుమారుడు కొనసాగించగా, 2024 ఏప్రిల్‌లో గానీ తేలలేదు. కోర్టు దాన్ని కొట్టివేసింది. ఈ రెండింటినీ ఒకే దావాలో కలిపితే, సులువుగా తేలవలసిన లెక్క కూడా ఏళ్ల తరబడి నలుగుతుంది.

తరువాత ఆ సంస్థ వక్ఫా (మత, ధార్మిక పనులకు శాశ్వతంగా అంకితం చేసిన ఆస్తి), ట్రస్టా తేల్చుకోవాలి, ఎందుకంటే వెళ్లవలసిన తలుపు దీన్నిబట్టే మారుతుంది. వక్ఫ్ అయితే కర్ణాటక వక్ఫ్ బోర్డు రిజిస్టరులో నమోదు ఉంటుంది; ట్రస్టు అయితే దాని దస్తావేజు నకలు కోసం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో విచారించాలి. ఇంట్లో ఉన్న రసీదులనూ తీసి చూడండి: పైన అచ్చయిన సంస్థ పేరు, నంబరు, కింద చేత్తో రాసిన ‘జకాత్’ (విధిగా ఇచ్చే దానం) లేదా ‘మరమ్మతు’ అన్న పద్దు, తేదీ, సంతకం. ఏ పని పేరిట డబ్బు తీసుకున్నారో చెప్పేది ఆ చిన్న కాగితమే కనుక, నా దృష్టిలో పది మంది సాక్షుల కన్నా అది విలువైనది. దస్తావేజు ఉర్దూలో ఉంటే అనువాదం జతచేయాలి.

ట్రస్టు అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద, ఆ సంస్థతో సంబంధం ఉన్న ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది కలిసి, కోర్టు అనుమతి తీసుకుని, బెంగళూరులోనైతే సిటీ సివిల్ కోర్టులో దావా వేయాలి. 1976 సవరణకు ముందు ఈ అనుమతి అడ్వకేట్ జనరల్ ఇచ్చేవారు. లెక్కలు చూపించమని, ధర్మకర్తను తొలగించమని, నిర్వహణకు స్కీము (నియమావళి) రూపొందించమని కోరవచ్చు. కేవలం మీ ఒక్కరికి జరిగిన నష్టం గురించే అయితే మాత్రం ఈ సెక్షన్ వర్తించదు.

వక్ఫ్ అయితే ముతవల్లి (వక్ఫ్ నిర్వాహకుడు) నిర్వహణపై విచారణ జరపమని, 1995 వక్ఫ్ చట్టం సెక్షన్ 70 కింద అఫిడవిట్‌తో బోర్డుకు దరఖాస్తు చేయాలి. అక్కడ న్యాయం దొరకకపోతే వెళ్లవలసింది వక్ఫ్ ట్రిబ్యునల్‌కు. ఆ చట్టం ట్రిబ్యునల్‌కు అప్పగించిన వివాదాలను సివిల్ కోర్టు విచారించదని సెక్షన్ 85 చెబుతోంది. బోర్డు మీదనే దావా వేయదలిస్తే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. 2025 సవరణ తరువాత ట్రిబ్యునల్ ఉత్తర్వుపై తొంభై రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు కాబట్టి, ఉత్తర్వు ప్రతి మీ చేతికి అందిన తేదీని దాని మీదే రాసి భద్రపరచుకోండి.